అభ్యర్థిత్వము ఎవరి సొత్తు?

గడచిన సంవత్సరము మా పాఠశాలలో విద్యార్థి నాయకుని ఎన్నిక జరిగినది. తొమ్మిదవ తరగతి నా వశమున నుండెను. పోటీకి ఇరువురి పేళ్లు పంపవలసి యుండగా, నేను పిల్లల నడుగకయే రెండు పేళ్లు ఒక కాగితముపై వ్రాసి పంపితిని. వారిలో నొకడు రెండేండ్లుగా నల్లబల్ల తుడిచి, సుద్దముక్కలు తెచ్చి, నా పుస్తకముల సంచి మోసినవాడు. రెండవవాడు ఊరిలో పలుకుబడి గల యొక పెద్దమనుష్యుని మనుమడు. ఎన్నిక మాత్రము కడు చక్కగా నడచినది. చీట్లు పంచితిమి, పెట్టెలో వేయించితిమి, అందఱి యెదుట లెక్కించితిమి. ఫలితము చెప్పిన పిమ్మట వెనుక బల్లనుండి యొక బాలిక లేచి, "అయ్యవారూ, ఓటు మమ్మల్ని అడిగినారు గానీ, ఆ ఇద్దరూ ఎవరనేది ఎవర్ని అడిగినారు?" అని ప్రశ్నించినది.

నేను "కూర్చో" అంటిని. ఆమె కూర్చున్నది. కాని యా ప్రశ్న కూర్చుండలేదు. అది నా వెంట ఇంటికి వచ్చినది. పులివెందుల బజారులో ఎన్నికల తోరణములు కట్టినప్పుడెల్ల అది నాకు మరల వినబడుచున్నది.

మనము ప్రజాస్వామ్యమన ఓటు అనుకొందుము. ఓటు వేయు దినమున వ్రేలికి సిరా చుక్క పెట్టించుకొని, రాజ్యము మన చేతిలో నున్నదని సంతసింతుము. కాని మనము ఆ గదిలో ప్రవేశించుటకు చాలా ముందే, మఱి యెచ్చటనో, మఱి యెవరో, మనము వేనిలోనుండి యేరుకొనవలెనో నిర్ణయించి యుందురు. వడ్డించిన విస్తరిలో ఏది తినవలెనో మన యిష్టమే. వంటయింటిలో ఏమి వండవలెనో నిర్ణయించినది మాత్రము మనము కాదు. కావున ఒక పక్షము తన అభ్యర్థిని నిలువబెట్టు అధికారము ఎవరిది? అది సేవకు కూలియా? వంశమునకు ఆస్తియా? నాయకుని కానుకయా? లేక ప్రజలు ఉంచిన నిక్షేపమా? ఈ విషయమును మన ప్రాంతపు అనుభవమునుబట్టియే విచారింతము.

మొదట చట్టమేమి చెప్పుచున్నదో చూడవలెను. శాసనసభకు పోటీ చేయువాడు నామినేషను పత్రము వేసి 10,000 రూపాయల ధరావతు చెల్లింపవలెను. షెడ్యూల్డు కులముల, తెగల వారికి అందు సగము చాలును. గుర్తింపు పొందిన పక్షము నిలిపినవానికి ఒక్క ప్రతిపాదకుడు చాలును. స్వతంత్రునకు పదుగురు కావలెను. 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వు ననుసరించి పక్షము రెండు పత్రముల నిచ్చును. అభ్యర్థిని నిర్ణయించు అధికారము ఎవరికి గలదో ఏ ఫారము చెప్పును. ఆ యభ్యర్థి యెవరో బీ ఫారము చెప్పును. ఆ పత్రములు నామినేషనుల కడపటి దినమున పగలు మూడు గంటలలోపల చేరవలెను. సంతకము సిరాతో స్వహస్తమున చేయవలెను గాని ముద్ర గ్రుద్దరాదు. చూడుడు, చట్టము సంతకపు సిరాను గూర్చి యింత శ్రద్ధ వహించినది. కాని యా సంతకము చేయుటకు ముందు ఆ పెద్దమనుష్యుడు పక్షములోని సామాన్యుల నొక్కరినైన నడిగెనా యని ఆ ఉత్తర్వు ప్రశ్నింపదు. నా తరగతిలో జరిగినదియు నిదియే.

ఇక సేవకు కూలి యను వాదమును పరిశీలింతము. "పదేండ్లు జెండా మోసితిని, కేసులు భరించితిని, ఆస్తి కరిగించితిని, కావున టిక్కెట్టు నాది" అని పలుకువారిని మనము నిత్యము చూచుచున్నాము. ఈ మాటలో న్యాయము లేకపోలేదు. కాని ప్రొద్దుటూరు చరిత్ర చూడుడు. నంద్యాల వరదరాజులురెడ్డిగారు 1985 మొదలు 2004 వరకు అయిదు మారులు అచ్చట వరుసగా గెలిచిరి. 2009లో తెలుగుదేశము పక్షమున నిలిచిన మల్లేల లింగారెడ్డిగారు వారిని ఓడించిరి. 2014 వచ్చునప్పటికి అదే తెలుగుదేశము టిక్కెట్టు, గెలిచిన లింగారెడ్డిగారికి గాక, ఓడిన వరదరాజులురెడ్డిగారికి దక్కినది. 2019లో మరల లింగారెడ్డిగారికి వచ్చినది. 2024లో మరల వరదరాజులురెడ్డిగారికి పోయినది. వా రా యెన్నికలో గెలిచిరి. నడుమ రెండు మారులు ఆ పక్షము ఓడినది.

ఇందు ఏ యొక్కరిని నిందించుట నా యుద్దేశము కాదు. ఇరువురును తమకు న్యాయముగా దోచిన దానినే కోరియుందురు. కాని సేవకు కూలి యను సూత్రము ఇచ్చట ఎవరికి న్యాయము చేసినది? పక్షము కొఱకు గెలిచి తెచ్చినవానిది గొప్ప సేవయా, ఇరువదియేండ్లు ఊరిని కనిపెట్టియున్న వానిది గొప్ప సేవయా? కొలుచుటకు త్రాసు లేదు. త్రాసు లేనిచోట కొలుచువాని చేతి వాటమే తూకమగును. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. సేవకు కూలి కోరువాడు, ఆ కూలిని తన పక్షపు పెట్టెనుండి కోరవచ్చును. శాసనసభ్యత్వము పక్షపు పెట్టెలోని ధనము కాదు. అది పొలము తడియని రైతుది, బడి లేని పిల్లది. ఒకరి సొమ్ముతో వేఱొకరి ఋణము తీర్చుట ధర్మము కాదు గదా.

జమ్మలమడుగు వృత్తాంతము ఇంకను లోతైనది. గుండ్లకుంట, దేవగుడి యను రెండు గ్రామముల కుటుంబముల వైరము ఆ సీమలో నెఱుగనివారు లేరు. పొన్నపురెడ్డి శివారెడ్డిగారు 1993లో హైదరాబాదున బాంబులకు బలియైరి. పిమ్మట రామసుబ్బారెడ్డిగారు 1994, 1999లలో తెలుగుదేశము పక్షమున గెలిచిరి. ఆదినారాయణరెడ్డిగారు 2004, 2009లలో కాంగ్రెసు పక్షమునను, 2014లో వైఎస్సార్ కాంగ్రెసు పక్షమునను వారిని ఓడించిరి. 2016లో ఆదినారాయణరెడ్డిగారు తెలుగుదేశములో చేరిరి. 2017 ఏప్రిలులో మంత్రియైరి. ఒకే ఒరలో రెండు కత్తులు చేరినవి. 2019లో జమ్మలమడుగు టిక్కెట్టు ఎవరిదను ప్రశ్న వచ్చినది. చిరకాలము ప్రత్యర్థులుగా నున్నవా రిరువురిని కూర్చుండబెట్టి, ఒకరికి కడప లోకసభ స్థానమును, ఒకరికి జమ్మలమడుగు శాసనసభ స్థానమును పంచియిచ్చిరి. ఇరువురును ఓడిరి. మరుసటి సంవత్సరమునకే రామసుబ్బారెడ్డిగారు వైఎస్సార్ కాంగ్రెసునందును, అంతకు ముందే ఆదినారాయణరెడ్డిగారు భారతీయ జనతా పక్షమునందును చేరిరి. 2024లో పక్షముల పొత్తులో ఆ స్థానము భారతీయ జనతా పక్షమునకు వచ్చినది. ఆదినారాయణరెడ్డిగారు గెలిచిరి.

వైరము చల్లారుట మంచిదే. కత్తులతో నెత్తురు చిందుటకంటె కుర్చీల పంపకము వేయిరెట్లు మేలు. ఆ మాట నేను మనఃపూర్వకముగా చెప్పుచున్నాను. కాని ఆ పంపకము జరిగిన గదిలో లేనివా రెవరు? ఆ వైరమున భర్తలను పోగొట్టుకొన్న స్త్రీలు లేరు. ఆ నాయకుల మాటపై పొరుగువానితో పలుకుట మానుకొన్న రైతులు లేరు. నాయకులు పక్షము మార్చిన దినముననే కార్యకర్త తన పగను మార్చుకొనవలెను. నిన్న శత్రువు, నేడు మిత్రుడు, రేపు మరల శత్రువు. గ్రామమున మాత్రము కాలిన గడ్డివామి కాలినట్లే యుండును. టిక్కెట్టును ఇరువురి సొత్తుగా నెంచి భాగములు వేయుటలోని యధర్మమిది. భాగములు సరిగా వేయకపోవుట దోషము కాదు. భాగము వేయదగని దానిని వేయుటయే దోషము.

ఇక వంశపు ఆస్తి యను వాదము. మా పులివెందులలో 1978 మొదలు నేటి వరకు శాసనసభ స్థానము ఒకే కుటుంబమున నున్నది. దీనిని చూచి దూరమువారు నవ్వుదురు. నేను నవ్వను. ఏలయన ప్రతిమారు ప్రజలు ఓటు వేసియే గెలిపించిరి. వైద్యుడై వచ్చిన రాజశేఖరరెడ్డిగారు ముఖ్యమంత్రియై 2009 సెప్టెంబరు 2వ తేదిన హెలికాప్టరు ప్రమాదమున మరణించినపుడు ఈ యూరు ఏడ్చిన యేడుపు బూటకము కాదు. ఆ సంవత్సరాంతమున జరిగిన ఉపయెన్నికలో వారి సతీమణి విజయమ్మగారు పోటీ లేకయే ఎన్నికైరి. దుఃఖమునందు ప్రత్యర్థులు తప్పుకొనుట మర్యాదయే. కాని మర్యాద వేఱు, హక్కు వేఱు. ఒకమారు చేసిన మర్యాదను మఱుమారు హక్కుగా నెంచినచో, ఆ కుటుంబమున పుట్టనివాని కొడుకు ఎంతటి బుద్ధిమంతుడైనను చేయునది జెండా మోయుటయే. పిల్లలకు పాఠము చెప్పువాడను గనుక ఈ మాట నాకు గుండెలో గ్రుచ్చుకొనును. వారి కన్నులలో నేను చూచుచున్న యాశకు అప్పుడు నేనేమి బదులు చెప్పగలను?

వంశము హక్కు కాదని ఆ కుటుంబపు చరిత్రయే చాటినది. 2010 నవంబరులో విజయమ్మగారు, వారి కుమారుడు జగన్మోహనరెడ్డిగారు కాంగ్రెసును విడిచిరి. విడిచినప్పుడు ఒకరు శాసనసభ్యత్వమునకును, ఒకరు లోకసభ సభ్యత్వమునకును రాజీనామా లిచ్చిరి. 2011 మే నెలలో క్రొత్త పక్షమున నిలిచి మరల ప్రజల నడిగిరి. పులివెందులలో విజయమ్మగారికి ఎదురుగా కాంగ్రెసు పక్షమున నిలిచినవారు ఆమె మఱదియైన వివేకానందరెడ్డిగారే. 80 వేలకు పైబడిన ఆధిక్యముతో ప్రజలు తీర్పు చెప్పిరి. ఆ పక్షము నచ్చినవారును నచ్చనివారును ఒక మాట యొప్పుకొనవలెను. అచ్చట వంశమునకు వంశమే ప్రత్యర్థి యైనపుడు, నిర్ణేత ఓటరే కావలసి వచ్చినది.

ఇక నాయకుని కానుక యను వాదము. అందఱి వాదములు తుదకు ఇచ్చటికే చేరును. "అధిష్ఠానము ఎవరిని చెప్పిన వారే" అని కార్యకర్తలు చేతులు కట్టుకొని చెప్పుచుందురు. ఇది రాజభక్తి వలె వినబడును గాని మన ప్రాచీన రాజులును ఇంత స్వతంత్రులు కారు. రామాయణమున దశరథుడు రాముని యువరాజును చేయదలచి, ముందుగా సభ కూర్చి, సామంతులను, పౌరులను, జానపదులను అభిప్రాయ మడిగెను. వారు ఔనని యేకకంఠముగా పలికిన పిమ్మటను ఊరకుండక, నేనుండగా మీ కతడేల కావలెనని కారణము లడిగెను. వారు రాముని గుణములను చెప్పిరి. అది సభలో జరిగిన నిర్ణయము. పిదప దానిని త్రోసివేసినది కైకేయి యంతఃపురమున జరిగిన నిర్ణయము. సభలో నడిగినదానిని గదిలో మార్చుటవలననే అయోధ్యకు అంత కీడు వాటిల్లినది. ఆ కథను మనము ఇంటింట చదువుదుము. అందలి ధర్మసూక్ష్మమును మాత్రము రాజధానిలోని పక్ష కార్యాలయపు వాకిట విడిచివచ్చుదుము.

అయినచో టిక్కెట్టు దక్కనివాని ధర్మమేమి? ఊరకుండవలెనా? ఎదిరింపవలెనా? వేఱు పక్షమునకు పోవచ్చునా? ఈ ప్రశ్నకు ఒక్క కొలమానము చాలునని నా నమ్మకము. వాడు ప్రజల నడిగెనా, లేదా యనునదే యా కొలమానము. 1955లో ఈ స్థానమున పెంచికల బసిరెడ్డిగారు కాంగ్రెసు పక్షమున గెలిచిరి. 1962లో చవ్వా బాలిరెడ్డిగారు ఏ పక్షపు ముద్రయు లేక స్వతంత్రులుగా గెలిచిరి. 1967, 1972లలో మరల బసిరెడ్డిగారు గెలిచిరి. ముద్ర లేకయే నిలువబడి గెలుచుట ఈ మట్టిలో సాధ్యమేయని ఆనాటి ఓటరు చూపినాడు. ఓడిన పక్షము మరల వచ్చి అడుగుటయు, మరల గెలుచుటయు సాధ్యమేయని చూపినాడు. ఇందు ద్రోహమెక్కడిది? అడిగి గెలిచినవాడు దొంగ కాడు.

దీనికి భిన్నముగా, ఒక గుర్తుపై ఓట్లు పుచ్చుకొని, రాజీనామా లేకయే వేఱొక గుర్తు క్రింద కూర్చుండుట, ఎవరు చేసినను, ఓటరు చేత నొక బియ్యపు మూట కొనిపించి, దారిలో మూట మార్చుటయే. 2014 పిమ్మట వైఎస్సార్ కాంగ్రెసు నుండి 23 మంది సభ్యులు ఇట్లు పాలక పక్షమునకు పోయిరి. వారిలో నలుగురు మంత్రులైరి. 2019 తరువాత పాత్రలు తారుమారైనవి. తెలుగుదేశము గుర్తుపై గెలిచిన కొందరు రాజీనామా లేకయే క్రొత్త పాలక పక్షము చెంత చేరిరి. పక్షము మారినది, పాపము మారలేదు. దీనిని నివారించుటకై 1985లో రాజ్యాంగమునకు పదవ షెడ్యూలు చేర్చిరి. 2003లో దానిని మఱికొంత బిగించిరి. కాని తీర్పు చెప్పు అధికారము సభాపతికి ఇచ్చిరి. సభాపతి సామాన్యముగ పాలక పక్షమువాడే. తీర్పు రాకమునుపే సభాకాలము తీరిపోవుచున్నది. పైగా ఆ చట్టము పక్షపు ఆజ్ఞకు సభ్యుని కట్టివేసినదే గాని, పక్షమును ప్రజలకు కట్టివేయలేదు.

మఱి మార్గమేమి? ఇతర దేశములలో దీనిని గూర్చి ఆలోచించిరి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమువారు ఇరువదవ శతాబ్ది ప్రారంభముననే, పక్షపు అభ్యర్థిని ఓటర్లే ప్రాథమిక ఎన్నికలో నిర్ణయించు శాసనము చేసిరి. జర్మనీలో అభ్యర్థులను పక్ష సభ్యులో, వారి ప్రతినిధులో రహస్య ఓటుతో ఎన్నుకొనవలెనని చట్టమే నియమించినది. మన న్యాయ సంఘమువారు 1999లో తమ 170వ నివేదికలో పక్షముల లోపలి ప్రజాస్వామ్యమునకు చట్టము కావలెనని చెప్పిరి. అంత దూరము పోనేల? పదవ శతాబ్దిలో, పరాంతక చోళుని కాలమున, ఉత్తరమేరూరు గ్రామ శాసనము అభ్యర్థుల యోగ్యతలను రాతిపై చెక్కించినది. వయస్సు 35 మొదలు 70 లోపల నుండవలెను. గడచిన మూడేండ్లలో పదవి ననుభవించినవాడు పనికిరాడు. లెక్కలు అప్పగింపనివాడును, వాని దగ్గఱి బంధువులును పనికిరారు. ఆ నియమములలో స్త్రీలకు చోటు లేదు. భూమి లేనివానికిని, వేదము చదువనివానికిని చోటు లేదు. ఆ దోషమును కప్పిపుచ్చి పూర్వులను పొగడుట నాకు సమ్మతము కాదు. కాని పదవిని విడువనివానికిని, లెక్క చెప్పనివానికిని, వాని చుట్టమునకును అభ్యర్థిత్వము లేదన్న మాట వేయేండ్లకు పూర్వమే రాతికెక్కినది. నేడు మన పక్షముల నియమావళులలో కాగితమునకైన ఎక్కలేదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. "కక్షలు గల మా సీమలో పక్షము లోపల ఎన్నిక పెట్టినచో అన్నదమ్ములు కొట్టుకొందురు. ధనము గలవాడు సభ్యులను కొనును. పైవాడు ఒక్కమాటతో తేల్చుటయే శాంతి" అని యందురు. ఈ భయము వట్టిది కాదు. కాని పోటీని అణచుటవలన శాంతి కలిగినదా యని మనము నిజాయితీగా ప్రశ్నించుకొనవలెను. 2021లో పులివెందుల పురపాలక సంఘమున 33 వార్డులును ఏకగ్రీవమైనవి. 2025లో ఇచ్చటి జిల్లా పరిషత్తు స్థానమునకు ఉపయెన్నిక జరిగినపుడు, పాలకులు మారిరి, ఆరోపణలు చేయువారును మారిరి. ఓటరును ఓటు వేయనీయలేదను మొఱ్ఱ మాత్రము మారలేదు. ఏకగ్రీవమన అందఱి కంఠము ఒకటియగుట. ఒక్కని కంఠము తప్ప తక్కినవి మూతపడుట కాదు. పోటీ లేనిచోట శాంతి యుండదు, వాయిదా వేసిన పగ యుండును.

గృహిణులైన చదువరులకు ఒక్క మాట. పంచాయతులలో సగము స్థానములు స్త్రీలకు వచ్చినవి. కాని నామినేషను పత్రముపై భార్య పేరు వ్రాసి, కుర్చీలో భర్త కూర్చుండుట మన మెఱుగని విషయము కాదు. ఆమె నిలువబడవలెనని నిర్ణయించినది ఆమెయా? వంటయింటిలో నుండగా "సంతకము పెట్టు" అని కాగితము చేతికిచ్చిరా? మన యింటిలో కూతురి చదువు, కూతురి పెండ్లి, కోడలి యుద్యోగము ఎట్లు నిర్ణయమగుచున్నవో, మన పక్షములలో అభ్యర్థులును అట్లే నిర్ణయమగుచున్నారు. పెద్దవాడు తేల్చును, తక్కినవారు తల యూపుదురు. ఇంటిలో అడుగుట నేర్వనివాడు ఊరిలో అడుగుట నేర్చునా?

బసిరెడ్డిగారి పేర నేడు చిత్రావతిపై జలాశయము కలదు. ఆయనకు ఏ యేట టిక్కెట్టు ఎవరిచ్చిరో, ఎవరు అడ్డుపడిరో మా పిల్లలలో నెవరికిని తెలియదు. నీళ్లు మాత్రము తెలియును. రాజకీయ జీవితమున టిక్కెట్టు కొఱకు జరిగిన కలహమంతయు కాలమున ఇంకిపోవును, నిలుచునది కాలువ యొక్కటియే. ఈ మాటను టిక్కెట్టు కొఱకు ఒకరినొకరు దూషించుకొనువారు ఒక రాత్రియైన తలపోయుదురు గాక.

ఈ సంవత్సరము మరల ఎన్నిక వచ్చినది. నేను తరగతిలో నల్లబల్లపై ఎవరి పేరును వ్రాయలేదు. "ఎవరు నిలువవలెనో ముందు మీరు చెప్పుడు, ఏల నిలువవలెనో కూడ చెప్పుడు" అంటిని. ఒక గంట కాలము గోల జరిగినది. ఇద్దరు పిల్లలు అలిగిరి, ఒకడు ఏడ్చినాడు. నాలుగు పేళ్లు వచ్చినవి. నిరుటి బాలిక పేరు అందు లేదు. పిలిచి యడిగితిని. "నాకు నాయకత్వం వద్దు అయ్యవారూ. అడగల్ల అని మాత్రమే అనుకున్నా" అన్నది.

నిరుడు ఆమెకు నేను చెప్పిన "కూర్చో" అను మాటకు క్షమాపణ చెప్పుకొంటిని. తరగతి యెదుటనే చెప్పితిని.